విన్నదొకటి, దాచుకున్నదొకటి

ఒక పెద్దాయన చదివిన పద్యాలను చాలా ఏళ్ల క్రితం కంప్యూటరులో రికార్డు చేశాను. ధ్వనిని సవరించే ఎడిటరులో వింటే శ, ష, స మూడూ వేటికవే స్పష్టంగా పలికాయి. ఫైలు చిన్నదిగా ఉండాలని సెకనుకు 8000 నమూనాల లెక్కన ఎగుమతి చేసి, అసలుదాన్ని చెరిపేశాను. తీరా ఆ ఫైలు తెరిస్తే ‘స’ కాస్తా ‘ఫ’కు దగ్గరగా, గొంతు దుప్పటి కప్పుకున్నట్టుగా వినిపించింది. తప్పు ఎడిటరుదే అనుకున్నాను. ఈ అంకెల చరిత్ర తెలిశాక గానీ అది నా తొందరపాటని అర్థం కాలేదు.

8000 అన్నది టెలిఫోను వంశపు సంఖ్య. 1928లో హ్యారీ నైక్విస్ట్ తంతి సంకేతాలపై చేసిన పరిశీలనా, 1949లో క్లాడ్ షానన్ ఇచ్చిన నిరూపణా కలిసి ఒక నియమాన్ని స్థిరపరచాయి: ధ్వనిని నమూనాలుగా పట్టి మళ్లీ యథాతథంగా పొందాలంటే, అందులోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో నమూనాలు తీయాలి. టెలిఫోను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది కనుక దానికి 8000 చాలింది. అమెరికాలో బెల్ సంస్థ 1962లో ప్రవేశపెట్టిన టీ1 వ్యవస్థ ఈ వేగంతోనే 24 సంభాషణలను కలిపి పంపింది. మాట అర్థమైతే చాలు. సకారపు ఊపిరి చాలావరకు 4000కు పైన ఉంటుందన్న చింత ఆ ఇంజనీర్లకు లేదు.

44100 వంశం వేరు. తొలినాళ్లలో డిజిటల్ సంగీతాన్ని వీడియో టేపుల మీద దాచేవారు. సెకనుకు 60 తెరలు, తెరకు 245 గీతలు, గీతకు 3 నమూనాలు: గుణిస్తే 44100. ఐరోపా పద్ధతిలో 50, 294, 3 గుణించినా అంతే. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు దీన్నే స్వీకరించింది. 22050, 11025 దాని సగమూ, పాతికా.

ఇక మూడవది 48000. 1997లో ఇంటెల్ రూపొందించిన ఏసీ 97 ప్రమాణానికి మూలవేగం ఇదే. 8000కు ఇది సరిగ్గా ఆరు రెట్లు. 11025తో నిష్పత్తి మాత్రం 640:147.

కనుక ఎడిటరు ధ్వనిని వినిపించేటప్పుడు తరచుగా ఒక అనువాదం జరుగుతుంది. ధ్వని తెగకుండా అప్పటికప్పుడు చేయాలి గనుక కొన్ని ఎడిటర్లు అక్కడ తేలికపాటి గణితంతో సరిపెడతాయి. ఎగుమతికి ఆ తొందర లేదు. వడపోత నిక్కచ్చిగా సాగుతుంది. 8000 వేగంతో ఉన్న ధ్వనిని ముతకగా పెంచితే 3000 హెర్ట్జ్ స్వరానికి 5000 దగ్గర ఒక నీడ పుడుతుంది. చెవికి అదే మెరుపుగా తోస్తుంది, ఫైలులో అది ఉండదు. తగ్గించేటప్పుడు వడపోత లేకపోతే కథ తిరగబడుతుంది: 5000 హెర్ట్జ్ స్వరం 3000గా మారువేషం వేసుకొని ఫైలులోనే స్థిరపడుతుంది.

నా విషయంలో జరిగింది ఇంకా సరళం. ఎడిటరులో నేను విన్నది 44100 నాటి అసలు ట్రాకును. దాచుకున్నది 4000కు పైనంతా కోసేసిన శేషాన్ని. రెండూ నిజమే, కానీ రెండూ ఒకటి కావు. ఆ శేషాన్ని మళ్లీ 44100కు పెంచి చూశాను. ఫైలు పెద్దదైంది, సకారం రాలేదు.

ఎగుమతి చేసినదాన్ని ఎడిటరు మూసి, విడిగా తెరిచి వినండి. విన్నాక కూడా అసలును చెరపకండి. ఆ పద్యాలు మళ్లీ చదివించుకుందామంటే ఆయన ఇప్పుడు లేరు.