వెదురు పని – మన హక్కు

ప్లాస్టిక్ సామాను రాకముందు మన ఇళ్లలో చేట, తట్ట, గంప, ధాన్యం గాదె అన్నీ వెదురువే. పెళ్లికూతుర్ని మేనమామ తెచ్చే గంప కూడా అదే. వీటిని తరతరాలుగా అల్లుతున్నది మేదరులు. ఈ పనికి బడి లేదు. అమ్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకోవడమే.

పచ్చి వెదురును కత్తితో నిలువునా చీల్చి, బద్దల్ని సన్నగా తీయాలి. పైపొర గట్టిది, లోపలి పొర మెత్తన. అడుగు సరిగ్గా పడితేనే బుట్ట నిలబడుతుంది. ఎండిన బద్ద వంగదు, విరుగుతుంది. అందుకే పచ్చి వెదురు దొరకడం ముఖ్యం.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో ఆంధ్ర ప్రాంతంలో రిజర్వు అడవులు ఏర్పడి, అనుమతి లేకుండా వెదురు కొట్టడం నేరమైంది. పని వచ్చినా సరుకు కష్టమైంది.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అడవిలో ఉండే గిరిజనులకు, 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడి బతుకుతున్న ఇతరులకు వాటిని సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది. దరఖాస్తు ముందుగా గ్రామసభకే ఇవ్వాలి. ఆ సభకు వచ్చినవారిలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలని నిబంధన. కాబట్టి అక్కచెల్లెళ్లారా, అల్లడం నేర్చుకుందాం, గ్రామసభకూ పోదాం.