అంగన్‌వాడీలు: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు

ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు సొంత ఊళ్లోనే పౌష్టికాహారం, ఆరోగ్య సేవలు, బడికి ముందు చదువు అందించే ప్రభుత్వ కేంద్రం అంగన్‌వాడీ. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే తల్లులు, సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద బతికే కుటుంబాలు, తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు, ఆదిలాబాద్ ఏజెన్సీలోని గోండు, కొలాం గూడేలు, లంబాడా తండాలు ఈ కేంద్రాలను నమ్ముకుని ఉన్నాయి. 2016 అక్టోబరు 11న పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది. పాత కరీంనగర్‌లో ఎక్కువ భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయింది. ఇక్కడి చరిత్రంతా ఆ పాత హద్దుల్లోనిదే.

ఈ ప్రాంతంలో పేదల పిల్లల చదువు గురించి చెప్పాలంటే మార్లవాయి నుంచి మొదలుపెట్టాలి. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గూడెంలో నివాసం ఏర్పరచుకున్నారు. 1943లో అక్కడ గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు వచ్చాయి. అది పసిపిల్లల బడి కాదు. కానీ పిల్లవాడికి తెలిసిన మాటలో, తమ మనిషే చదువు చెప్పాలన్న ఆలోచన ఈ నేల మీద ఆనాడే ఆచరణలోకి వచ్చింది. తర్వాతి పథకాలు అందులో సగమే అందుకున్నాయి. అంగన్‌వాడీ టీచరు స్థానికురాలై ఉండాలన్నారు, పాఠం మాత్రం తెలుగులోనే సాగింది. ఇంట్లో గోండి, కొలామి వింటూ పెరిగిన మూడేళ్ల బిడ్డ తొలిరోజున బిక్కమొహం వేసుకుని కూర్చోవడానికి కారణం బడి కాదు, భాష.

అంగన్‌వాడీ అన్న పేరు మహారాష్ట్ర నుంచి వచ్చింది. అంగణమంటే ఇంటి ముంగిలి. బడికి రాలేని పేదల, ఆదివాసుల పిల్లల దగ్గరికి బడినే తీసుకెళ్లాలని విద్యావేత్తలు తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ బోర్డిలోనూ, 1957 తర్వాత కోస్బాడ్‌లోనూ చేసిన ప్రయత్నానిదే ఆ పేరు. తెలుగు నేల నుంచి వెళ్లిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై గ్రామాల్లో బాలవాడీలకు (పసిపిల్లల బడులకు) ఊతమిచ్చారు. అమెరికాలో పేద కుటుంబాల పిల్లల కోసం ఇలాంటి పథకమే 'హెడ్ స్టార్ట్' 1965లో మొదలైంది. పదేళ్ల తర్వాత, 1975 అక్టోబరు 2న, దేశంలోని 33 బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, ఆరంభమైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్య బోధన అనే ఆరు సేవలు ఒక్కచోట అందాలన్నది దాని ఉద్దేశం. ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరం ఎక్కదు, జ్వరంతో ఉన్న బిడ్డకు అన్నం ఎక్కదు. ఆరింటినీ కలపడం సరైన నిర్ణయమే.

విస్తరణ మాత్రం నెమ్మదిగా జరిగింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001లో, మళ్లీ 2006లో ఇచ్చిన ఆదేశాలతో ప్రతి ఆవాసానికీ కేంద్రం ఉండాలన్న సూత్రం స్థిరపడింది. గుట్టల మధ్య విసిరేసినట్టుండే చిన్న గూడేలకు మినీ అంగన్‌వాడీలు వచ్చాయి. వాటిలో ఆయా ఉండేది కాదు. వండేదీ, ఆడించేదీ, రిజిస్టర్లు రాసేదీ ఒక్కరే. తెలంగాణలోని 35,700 కేంద్రాల్లో 3,989 ఇలాంటివే ఉండేవి. 2023లో వీటిని పూర్తిస్థాయి కేంద్రాలుగా మార్చే నిర్ణయం వెలువడింది. టీచర్ల గౌరవ వేతనం 2017లో 10,500 రూపాయలకు, 2021లో 13,650కి పెరిగింది. ఇన్ని బాధ్యతలు మోసే మనిషికిచ్చేదాన్ని ఇంకా 'గౌరవ వేతనం' అనడం న్యాయం కాదు. 2023 సెప్టెంబరులో వాళ్లు రాష్ట్రమంతటా సమ్మెకు దిగింది ఉద్యోగ గుర్తింపు, కనీస వేతనం, గ్రాట్యుటీ కోసం.

ఆహారం విషయంలో తెలంగాణ చేసిన మంచి పని 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి. గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కేంద్రంలోనే ఇస్తారు. ఇంటికిస్తే అందరికీ పంచి చివర్లో తినే అలవాటు మన ఆడవాళ్లది, అందుకే ఈ నియమం. అయితే పత్తి చేనులో కూలికెళ్లిన గర్భిణి మధ్యాహ్నం కేంద్రానికి ఎలా రాగలదు? ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ పరిధిలో, పటాన్‌చెరు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో వచ్చిన గిరిపోషణ పథకంలో జొన్నలు, చిరుధాన్యాలతో చేసిన ఆహారం ఇచ్చారు. జొన్న గట్క తిని పెరిగిన గూడేలకు అది పరాయి తిండి కాదు.

మూడేళ్లలోపు పిల్లల సంగతి దగ్గరే అసలు లోటు కనిపిస్తుంది. ఏడు నెలలు నిండిన బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు ఇంటికి ఇస్తారు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన మంచి పిండి అది. కానీ పగలంతా ఆ బిడ్డను చూసుకునేవాళ్లే లేరు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో తల్లి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే బిడ్డ పొగాకు దుమ్ములోనే పాకుతుంది. నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్లు పనిచేసే బీడీ కార్ఖానాల్లో శిశుగృహం ఉండాలని 1966 నాటి బీడీ కార్మికుల చట్టం చెప్పింది. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని చుట్టే తల్లికి ఆ నియమం అక్కరకు రాలేదు. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలదీ ఇదే బాధ. వాళ్ల పిల్లలకు ఊరూ కొత్తే, భాషా కొత్తే. ఈ రెండు చోట్లా అంగన్‌వాడీకి ఆనుకునే శిశుగృహం తెరవాలి. అది తల్లి పని మొదలయ్యే వేళకు మొదలై, ఆమె పని ముగిసేదాకా నడవాలి.