అమ్ముగూడ బలరామ్

ఐర్లండ్‌లో హర్లింగ్ అని ఒక ఆట ఉంది. చేతిలో చెక్క కర్ర, చిన్న బంతి, జట్టుకి పదిహేను మంది. ఆటగాడు తన ఊరి క్లబ్బుకి ఆడతాడు, బాగా ఆడితే తన కౌంటీకి ఆడతాడు. ఆ పైన ఇంకేం లేదు, జీతం కూడా లేదు. క్రిస్టీ రింగ్ కార్క్ కౌంటీకి ఎనిమిది ఆల్ ఐర్లండ్ పతకాలు తెచ్చాడు, బతుకుతెరువుకి మాత్రం ఆయిల్ లారీ నడిపాడు. పుట్టిన ఊరు క్లోయిన్‌లో ఆయన విగ్రహం ఉంది.

ఇదంతా ఒక ఐరిష్ సహోద్యోగి కాల్‌లో చెప్పి, "మీ ఊళ్లో ఇలాంటివాళ్లెవరు?" అని అడిగాడు. నేనొక క్రికెటర్ పేరు చెప్పేశాను. తప్పు జవాబు. సరైన జవాబు నాకు 2023 ఫిబ్రవరిలో తెలిసింది, ఆ మనిషి పోయాక, వార్తల్లో.

తులసీదాస్ బలరామ్. ఊరు సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఇంటి నుంచి ఔటర్ ఎక్కి, ఘట్‌కేసర్ దాటి, కీసర దగ్గర దిగి వెళ్తే అట్టే దూరం కాదు. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి ఆ పేరే వినలేదు నేను.

ఆ రోజుల్లో హైదరాబాద్ అంటే ఫుట్‌బాల్. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుని తయారుచేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 'మైదాన్' సినిమా ఈయన మీదే. కుర్రాడు బలరామ్‌లో ఏదో ఉందని పట్టుకున్నదీ ఆయనే. సిటీలో ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకి రహీమే ఇచ్చారని బలరామ్ తర్వాత చెప్పుకున్నారు. నాకైతే ట్రోఫీలన్నిటికంటే ఈ సైకిల్ అద్దే ఎక్కువ గుర్తుండిపోయింది.

1956-57లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, జట్టులో బలరామ్ ఉన్నారు. మరుసటేడూ హైదరాబాదే గెలిచింది. ఇక్కడొక తమాషా ఉంది. హైదరాబాద్ రాష్ట్రం 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయింది కదా? 1957-58 నాటికి ఆ పేరుతో రాష్ట్రమే లేదు. జట్టు మాత్రం ఉంది, కప్పు కూడా ఎత్తింది!

మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోకి వెళ్లొచ్చాక, 1957లో బలరామ్ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. తర్వాత సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫునే ఆడారు. అంటే కౌంటీ మారిపోయింది. మన ఆటగాళ్లని కలకత్తా ఎత్తుకుపోయిందని కొందరు అంటారు. నాకు ఒప్పుదల కాదు. లీగ్ అక్కడుంది, జనం అక్కడున్నారు, ఆటతో బతికే దారీ అక్కడే ఎక్కువ. మంచి ప్యాకేజీ వస్తే బెంగళూరు వెళ్లిపోయే మనం ఆయన్ని ఏమనగలం?

1960 రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒకటి. రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం, కానీ హంగరీతో తేడా ఒక్క గోలే, 1-2. 1961లో ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెన్, ఆ ఏడు కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికంటే పైన. 1962లో జకార్తా ఏషియాడ్ స్వర్ణం, అర్జున అవార్డు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అని ముగ్గురినీ కలిపి చెప్పుకునేవాళ్లు. 1963లో రైల్వే జట్టు బీఎన్ఆర్‌కి వెళ్లారు, అంతలోనే ఊపిరితిత్తుల జబ్బు ఆట మాన్పించేసింది. ముప్పై కూడా నిండలేదు. అదే ఏడాది రహీమ్ క్యాన్సర్‌తో పోయారు.

చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కి రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు కూడా. చివరిదాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలోనే ఉండిపోయారు. అక్కడివాళ్లు ఆయన్ని బయట మనిషి అనుకున్నారా, మనం మనవాడు కాదనుకున్నామా అని ఆలోచిస్తే చిరాకేస్తుంది.

పోయిన నెల ఒక ఆదివారం అమ్ముగూడ వెళ్లాను. స్టేషన్ దగ్గర టీ తాగుతూ నలుగురిని అడిగాను. ఒక పెద్దాయన "ఏ బలరాం? రియల్ ఎస్టేటా?" అన్నాడు. ఫోన్‌లో ఫతే మైదాన్‌కి దూరం చూశాను. పదిహేను కిలోమీటర్ల పైనే. అద్దె సైకిల్ మీద, మళ్లీ వెనక్కి కూడా.