ఉక్కుకి డాక్యుమెంటు మిగిలింది, కొలిమి ఆరిపోయింది

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కేటీ గురించి వేరే చెప్పక్కర్లేదు. పాతవాడు వెళ్ళిపోయేముందు ఓ డాక్యుమెంటు రాసి పడేస్తే పని అప్పజెప్పినట్టేనని మేనేజర్ల గట్టి నమ్మకం. వాళ్ళందరికీ నూజివీడు దగ్గర రమణక్కపేట కథ చెప్పాలి.

బెంజమిన్ హైన్ అని, సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకునే వృక్షశాస్త్రవేత్త ఒకాయన ఉండేవాడు. ఉత్తర సర్కారులు, మా టెక్కలితో సహా, కంపెనీ చేతికి చిక్కి అప్పటికి ముప్పై ఏళ్ళు. 1795లో ఆయన రమణక్కపేటలో రాయి నుంచి ఇనుము తీసే బట్టీల గురించి వివరంగా రిపోర్టు రాశాడు. ఆయన రాసినవి 1814లో లండన్‌లో పుస్తకంగా కూడా వచ్చాయి. అంటే రహస్యమేం లేదు, అచ్చులోనే ఉంది.

కానీ ఆ రిపోర్టులో నన్ను ఆపేసింది బట్టీ కొలతలు కాదు. కరువుకి ముందు ఆ ఊళ్ళో 40 బట్టీలుండేవట. కంసాలులు, కంచరులు కలిగి బతికేవాళ్ళట. 1790ల మొదట్లో వచ్చిన ఆ కరువు తర్వాత మిగిలినవాళ్ళు కటిక దరిద్రంలో ఉన్నారని రాశాడు. అంటే డాక్యుమెంటు రాసేనాటికే టీము సగం ఖాళీ!

ఇటు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుముని ఊక కలిపిన మట్టి మూసల్లో పెట్టి, మూతవేసి, గంటల తరబడి కాల్చి ఉక్కు చేసేవారు. 1820ల్లో హెన్రీ వాయిసీ అనే సర్వే అధికారి వెళ్తే, ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడు అక్కడే కనిపించాడు. మరోపక్క లండన్‌లో మైఖేల్ ఫారడే అంతటివాడు 1819లో ఈ రకం ఉక్కుని పరీక్షించి, దాని గొప్పతనం అల్యూమినా, సిలికాల్లో ఉందనుకున్నాడు. అసలు సంగతి కార్బన్, సుమారు ఒకటిన్నర శాతం. మన కమ్మరికి శాతం తెలీదు, చెయ్యడం తెలుసు.

"తెల్లవాడు ఫార్ములా ఎత్తుకుపోయాడు" అని ఫార్వర్డులు వస్తుంటాయి. నాకైతే అది నష్టాన్ని తక్కువ చేసి చెప్పడమే అనిపిస్తుంది. ఫార్ములా పోతే మళ్ళీ రాసుకోవచ్చు. రాయి ఏరేవాడు, బొగ్గు కాల్చేవాడు, తిత్తులు ఊదేవాడు, మంట రంగు చూసి "ఇక చాలు" అనే పెద్దాయన, కొనే వర్తకుడు, ఇదంతా ఒక గొలుసు. కరువు ఒక లింకుని తెంచింది. కత్తుల గిరాకీ తగ్గడం, చవక సీమ ఇనుము, 1856లో వచ్చిన బెస్సిమర్ పద్ధతి మిగతావాటిని తెంచాయి.

2010లో పురాతత్వవేత్తలు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి చిట్టెం దిబ్బలు, మూసల ముక్కలు ఏరి చదువుకోవాల్సొచ్చింది. రన్ చేసేవాడు లేని కోడ్‌ని రివర్స్ ఇంజనీరింగ్ చెయ్యడమన్నమాట.

కాబట్టి ఈసారి ఎవరైనా "మనిషి పోతే ఏంటి, డాక్యుమెంటుంది కదా" అంటే, రమణక్కపేటకీ ఉండేదని చెప్పండి.