బిళ్ళగన్నేరు పుట్టిల్లు

ఎవరూ నీళ్లు పోయరు, ఎరువు వేయరు. గోడ పగుల్లో, గుడి ప్రహరీ పక్కన, కాలువ గట్టున దానంతట అదే మొలిచి ఏడాది పొడుగునా పూస్తుంది. ఎండాకాలంలో పెరడంతా మాడిపోయినా బిళ్ళగన్నేరు మాత్రం గులాబీ రంగునో తెలుపునో విప్పుకునే ఉంటుంది.

అంతగా మనదనిపించే ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. దీని ప్రజాతి కాథరాంథస్‌లో ఎనిమిది జాతులుంటే, ఏడు ఆ దీవిలో పుట్టినవే. ఎనిమిదోది మాత్రం మన దేశంలోనూ శ్రీలంకలోనూ పెరిగే చిన్న తెల్లపూల మొక్క. 1759లో లిన్నేయస్ బిళ్ళగన్నేరుకు వింకా రోజియా అని పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రవేత్తలు దాన్ని వింకా నుంచి విడదీశారు. అయినా నర్సరీల్లో నేటికీ వింకా అనే అడుగుతాం. దీని నుంచి తీసిన మందుల పేర్లలోనూ ఆ పాత పేరే మిగిలింది.

ఆ మందుల కథ షుగరు వ్యాధితో మొదలవుతుంది. జమైకాలో మధుమేహం ఉన్నవాళ్లు ఈ ఆకుల కషాయం తాగేవారు. 1952లో కొన్ని ఆకులు అక్కడి నుంచి కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు అందాయి. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపాడు. తమ్ముడు ఎలుకలకు కషాయం తాగించి చూశాడు. రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదితో ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే ఎలుకలు సూక్ష్మజీవుల పాలబడి చచ్చిపోయాయి.

అక్కడితో ఆకుల్ని పక్కన పెట్టేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. నోబుల్ మాత్రం ఎలుకలు ఎందుకు చచ్చాయని అడిగాడు. వాటి రక్తంలో తెల్ల కణాలు పడిపోయాయి, ఎముక మజ్జ దెబ్బతింది. తెల్ల కణాలను తగ్గించే పదార్థం, అవి అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌లో పనికిరాదా? నాకు ఈ చరిత్ర మొత్తంలో గొప్పగా తోచేది ఈ ప్రశ్నే. 1954లో నోబుల్‌తో చేరిన రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ ఆ పదార్థాన్ని శుద్ధి చేశాడు. 1958లో ఆ పదార్థం, అంటే విన్‌బ్లాస్టిన్, లోకానికి తెలిసింది. అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ వాళ్లూ విడిగా ఇదే మొక్క మీద పనిచేస్తూ వచ్చారు. అక్కడ గోర్డన్ స్వోబోడా బృందం విన్‌క్రిస్టిన్‌ను వేరుచేసింది. 1963లో దానికి అనుమతి దొరికింది.

కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాల్లాంటి నాళికలు అల్లుకుని క్రోమోజోములను చెరోవైపుకు లాగుతాయి. ట్యూబులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఆ అల్లికను ఈ మందులు అడ్డుకుంటాయి. కణం మధ్యలోనే ఆగి చచ్చిపోతుంది. విన్‌బ్లాస్టిన్ హాడ్కిన్ లింఫోమాకు వాడుకలోకి వచ్చింది. విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు ఆయువుపట్టు మందుల్లో ఒకటైంది. ఒకప్పుడు ఆ జబ్బు వచ్చిన పిల్లలు నెలల్లోనే పోయేవారు. నేడు, ఇతర మందులతో కలిపి పూర్తి చికిత్స అందే దేశాల్లో, 100 మందిలో దాదాపు 90 మంది బతుకుతున్నారు.

మొక్కలో నూరుకు పైగా ఆల్కలాయిడ్లున్నా, ఈ రెండూ ఉండేది లేశమాత్రం. ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు వందల కిలోల ఎండుటాకు కావాలంటారు. విన్‌బ్లాస్టిన్ తయారీకి కావలసిన రెండు ముడిపదార్థాల్లో కాథరాంథిన్‌ను మొక్క ఆకు పైపొరలో ఉంచుతుంది, విండోలిన్‌ను లోపలి కణాల్లో. అవి కలిసేదే తక్కువ. 2022లో శాస్త్రవేత్తలు ఈ రెంటినీ ఈస్ట్‌తో తయారు చేయించగలిగారు.

ఇంత సంపద ఇచ్చిన మొక్క వల్ల మడగాస్కర్‌కు దక్కింది దాదాపు ఏమీ లేదు. అది అన్యాయమేనని నా అభిప్రాయం.

మన ఊళ్లలో షుగరు తగ్గుతుందని పరగడుపున ఈ ఆకులు నమిలేవారు ఇంకా ఉన్నారు. ఒక్క మాట వినండి. ఆసుపత్రిలో విన్‌క్రిస్టిన్‌ను మనిషి కొలతను బట్టి లెక్కగట్టి, ఒక్కసారికి సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటకుండా నరానికి ఎక్కిస్తారు. అంత జాగ్రత్తలోనూ కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం మామూలే. పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణమే పోతుంది. మీరు నమిలే ఆకులో ఏది ఎంత ఉందో కొలిచేవారెవరూ లేరు. పూలు కోసి దేవుడికి పెట్టండి, ఆకు మాత్రం నోట పెట్టకండి. ఇప్పటికే తింటూ ఉంటే, ఆ సంగతి దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి.