ఖరగ్‌పూర్ చెప్పే పాఠం: పని మనది, డిజైన్ ఎవరిది?

వలసలు, విదేశీ పెట్టుబడి మేధోసంపత్తి వాణిజ్యాన్ని ఎలా ప్రభావితం చేస్తాయి? ఈ ప్రశ్నకు చాలామంది 1995 నాటి ట్రిప్స్ ఒప్పందంతో జవాబు మొదలుపెడతారు. ఖరగ్‌పూర్‌తో మొదలుపెడితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బ్రిటిష్ కంపెనీ. ప్రభుత్వ వడ్డీ హామీతో నడిచిన పెట్టుబడి అది. ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో వచ్చారు. ఇంజిన్ విప్పడం, బిగించడం నేర్చుకున్నారు. వి.వి. గిరి వంటి నాయకులతో ఉద్యోగ హక్కుల కోసం పోరాడారు. ఇంజిన్ల డిజైన్ మాత్రం ఎక్కువగా బ్రిటన్ తయారీదారుల దగ్గరే ఉండిపోయింది. పెట్టుబడి వచ్చింది, నైపుణ్యం పెరిగింది, యాజమాన్య హక్కు రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత పద్ధతి మారింది. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ (1955) స్విస్ పరిజ్ఞానంతో, వారణాసి డీజిల్ ఇంజిన్ల కర్మాగారం అమెరికాకు చెందిన ఆల్కో పరిజ్ఞానంతో మొదలయ్యాయి. అంటే ఫ్యాక్టరీ మనది, పరిజ్ఞానం లైసెన్సుపై కొన్నది. మేధోసంపత్తి వాణిజ్యం అంటే ఇదే.

చట్టం పాత్ర కూడా చూడాలి. భారత పేటెంట్లలో 80-90 శాతం విదేశీయులవేనని 1959లో అయ్యంగార్ కమిటీ తేల్చింది. 1970 చట్టం మందులకు ఉత్పత్తి పేటెంట్ తీసేసి, తయారీ పద్ధతికే పేటెంట్ ఉంచింది. ఆ వాతావరణంలో 1984లో హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ రెడ్డీస్, 1997లో తన సొంత అణువును డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చింది. కొనేవాళ్లం అమ్మగలిగాం.

వలస రెండు వైపులా పనిచేస్తుంది. అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన ఫలం లెడర్లీ సంస్థకు దక్కింది. తర్వాతి తరాల్లో ఐఐటీ పట్టభద్రులూ అదే దారి పట్టారు. కానీ వలస వెళ్లినవాళ్ల పేరు, పరిచయాలు పెట్టుబడిని వెనక్కి కూడా తెచ్చాయి. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. అయితే ఇలాంటి కేంద్రాల్లో పుట్టిన ఆవిష్కరణకు ఇంజినీరు పేరు ఉంటుంది, హక్కు సాధారణంగా మాతృసంస్థకు వెళుతుంది.

అందుకే నేటికీ మేధోసంపత్తికి మనం చెల్లించేది, మనకొచ్చే దానికంటే చాలా రెట్లు ఎక్కువ. పెట్టుబడి యంత్రాన్ని తెస్తుంది, వలస నైపుణ్యాన్ని మోస్తుంది. లాభం ఎవరికన్నది హక్కుపత్రం మీద ఎవరి పేరుందన్న దాన్ని బట్టే తేలుతుంది. మెయిన్స్‌లో మన జవాబు ముగియాల్సింది ఇక్కడే: పెట్టుబడిని ఆహ్వానించే విధానంతోపాటు, ఇక్కడి పరిశోధనకు ఇక్కడే హక్కు దక్కే విధానమూ కావాలి.