బీదరు చీలితే మన కొండకేం?

మా ఏనుగు మల్లమ్మ కొండ ఒక తెల్ల కలెక్టరు పేరు మీద హార్స్లీ హిల్స్ అయింది. అంతకుముందు ఇక్కడ ఎవరెవరు ఏలారని బడిలో పిల్లలు అడుగుతారు. గుర్రంకొండ కోటను చూపించి కడప నవాబులు, హైదరాలీ, టిప్పు అని చెబుతాం. ఆ తీగ లాగితే బీదరు దాకా పోతుంది.

1347లో ఢిల్లీ సుల్తానుకు ఎదురుతిరిగిన సర్దార్లు గుల్బర్గాలో బహమనీ రాజ్యం పెట్టారు. తర్వాత రాజధాని బీదరుకు మారింది. తరాలుగా ఇక్కడే ఉన్న ముస్లిం ప్రభువులు దక్కనీలు. ఇరాన్ వైపు నుంచి కొత్తగా వచ్చినవారు అఫాకీలు. మతం ఒకటే, కానీ కొలువుల దగ్గర, జాగీర్ల దగ్గర ఎప్పుడూ పేచీయే.

మంత్రి మహమూద్ గవాన్ అఫాకీ. నాలుగు తరఫులను ఎనిమిది చేశాడు. ఒక్కో తరఫుదారు చేతిలో ఒక్క కోటనే ఉంచి మిగతావి సుల్తాను మనుషులకు అప్పగించాడు. కోటలు పోయినవాళ్లు ఊరుకుంటారా? ఆయన ముద్ర వేసిన ఖాళీ కాగితం సంపాదించి, ఒడిశా రాజును దండెత్తి రమ్మన్నట్టు దొంగ ఉత్తరం రాయించారు. తాగిన మత్తులో మూడో మహమ్మద్ షా విచారణైనా లేకుండా 1481లో ఆయన తల తీయించాడు. రాజ్యం విరిగింది ఆ రోజేనని మా అభిప్రాయం.

1490 ప్రాంతంలో అహ్మద్‌నగర్, బీజాపూర్, బీరారు వేరుపడ్డాయి. కొన్నేళ్లకు గోల్కొండ. బీదరులో సుల్తాను పేరుకే, పెత్తనం బరీదులది. ఐదుగురూ తమలో తాము కొట్టుకున్నారు. 1565లో మాత్రం బీరారు తప్ప మిగతావారు ఏకమై విజయనగరాన్ని కూల్చారు. రాయల వంశం పెనుకొండకు, చంద్రగిరికి జరిగింది. గెలిచినవాళ్ల పొత్తు ఎంతోకాలం నిలవలేదు. తర్వాతి శతాబ్దంలో బీజాపూర్, గోల్కొండ సైన్యాలు దక్షిణానికి దిగి ఈ సీమను పంచుకున్నాయి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోట పట్టాడు. 1686లో బీజాపూర్‌ను, 1687లో గోల్కొండను ఔరంగజేబు మింగాడు. ఆ వెనకే కడప నవాబులు.

ఇన్ని సైన్యాలకు తిండి ఎవరు మోశారు? దక్కనుకు దిగిన మొగలాయి దండుల వెంట ధాన్యం ఎడ్ల మీద నడిపించినవారు మన సుగాలీల పెద్దలే. 1632లో ఉత్తరాది దారిలో ఇంగ్లీషు వ్యాపారి పీటర్ మండీకి ఎదురైన ఒక్క తండాలోనే 14,000 ఎడ్లున్నాయని ఆయన రాసుకున్నాడు. ఆ ఎడ్లను తోలినవాళ్ల పేర్లు మాత్రం రాయలేదు.